పిందెకు ఒక దారి, పండుకు మరో దారి: టమాటా మొక్కలో విటమిన్ సి తయారీ, రవాణా, ఖర్చు

మాఘమాసం వచ్చేసరికి ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి చుట్టుపట్ల వారపు సంతల్లో టమాటాలు రాశులు పోసి కనిపిస్తాయి. కొండవాలు పల్లెల నుంచి బుట్టల్లోనూ కావిళ్లలోనూ దిగే చిన్న నాటుకాయలు ఒక రకం. వంశధార ఒడ్డున కాశీనగరం, గుణుపురం వైపు బోదెలు తోలి, కర్రలు పాతి పెంచిన సంకర రకాల కాయలు మరో రకం. ఇవి ప్లాస్టిక్ పెట్టెల్లో వస్తాయి. ఇక్కడి తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లకు ఇవి ఇప్పటికీ రామములగలే. పక్కన నిలబడి బేరమాడే ఒడియావారికి బిలాతి బైగొణ, అంటే సీమ వంకాయ. వంకాయా టమాటా ఒకే కుటుంబానికి చెందినవి కనుక ఆ పేరులో శాస్త్రానికి విరుద్ధమైనదేమీ లేదు.

కొనేవారు కాయను చేత్తో నొక్కి చూసి, రంగు చూసి, దోరదా పండిందా అని తేల్చుకుంటారు. పిందె, పచ్చికాయ, దోర, పండు అని కాయ వయసుకు తెలుగులో ఉన్న ఈ మాటలు రంగుకూ మెత్తదనానికీ పెట్టిన గుర్తులుగానే కనిపిస్తాయి. అయితే విటమిన్ సి విషయంలో ఈ దశలు మారుతున్నకొద్దీ మొక్క చేసే పనీ మారుతుంది. పిందెలో ఆ పోషకం వచ్చే దారి ఒకటి, పండులో దానికి తోడయ్యే దారి మరొకటి. ఆకులో దాని పని ఒకటి, వేరులో మరొకటి. పోషకాహార పట్టికలో టమాటాకు ఎదురుగా కనిపించే ఒక్క అంకె వెనుక తయారీ, రవాణా, మరమ్మతు, నష్టం అనే నాలుగు పద్దులున్నాయి. ఆ పద్దులను విడదీసి చూస్తే తప్ప, ఒకే మడిలో కాసిన రెండు పండ్ల మధ్య కూడా తేడా ఎందుకుంటుందో అర్థం కాదు.

ముందుగా ఆ అంకె సంగతి. వంద గ్రాముల పండిన టమాటాలో మన దేశపు ఆహార పట్టికలు సుమారు 25 నుంచి 27 మిల్లీగ్రాముల విటమిన్ సి చూపుతాయి. అమెరికా పట్టికలో అది 14 మిల్లీగ్రాములకు లోపే. భారతీయ వైద్య పరిశోధన మండలి 2020లో సూచించిన రోజువారీ మోతాదు పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు. వంద గ్రాములకు రెండు వందల మిల్లీగ్రాములు దాటే జామకాయ పక్కన టమాటా తూగదు. కాని జామకాయ ఎప్పుడో తినేది, టమాటా పప్పులోనో చారులోనో కూరలోనో రోజూ పడేది. అందువల్లనే దానిలో ఉన్న కొద్దిపాటి విటమిన్‌కూ ఇంటి భోజనంలో విలువ ఉంది.

మొక్క ఈ పదార్థాన్ని తయారుచేసుకునేది మనిషి కోసం కాదు. మనిషి శరీరంలో దీన్ని తయారుచేసే చివరి ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువు పరిణామక్రమంలో చెడిపోయింది గనుక మనం ఆహారం మీద ఆధారపడతాం. మొక్కకు అది లేనిదే బతుకే లేదు. విటమిన్ సి అంటే రసాయనికంగా ఆస్కార్బిక్ ఆమ్లం. దాని రసాయన నిర్మాణం 1933 నాటికే తేలింది. జంతువులు దాన్ని ఎలా తయారుచేస్తాయో కూడా ఆ తరువాతి దశాబ్దాల్లో తెలిసింది. పచ్చని మొక్కలు అనుసరించే మార్గం మాత్రం 1998లో గాని స్పష్టపడలేదు. ఇంగ్లండులో వీలర్, జోన్స్, స్మిర్నాఫ్ అనే శాస్త్రవేత్తలు ఆ సంవత్సరం ప్రకటించిన మార్గం ప్రకారం, గ్లూకోజు నుంచి మొదలై మ్యానోజు, గెలాక్టోజు అనే చక్కెరల రూపాలు దాటుకుంటూ దాదాపు పది మెట్లలో ఆస్కార్బిక్ ఆమ్లం తయారవుతుంది. చివరి మెట్టు మైటోకాండ్రియా లోపలి పొర మీద జరుగుతుంది. ప్రతి కణానికీ శక్తిని అందించే చోటనే ఈ పని కూడా పూర్తికావడం గమనించదగినది.

ఈ మెట్లలో రెండింటి దగ్గర కొంచెం ఆగాలి. మొదటిది జీజీపీ అనే పొట్టిపేరు గల ఎంజైమ్ పనిచేసే మెట్టు. కాలువకు తూము ఎలాంటిదో ఈ మార్గానికి ఇది అలాంటిది. వెలుతురు పెరిగితే ఈ తూము ఎక్కువగా తెరుచుకుంటుంది, చీకటిలో మూసుకుంటుంది. కణంలో ఆస్కార్బిక్ ఆమ్లం సరిపడా నిండినప్పుడు ఈ ఎంజైమ్ తయారీయే తగ్గిపోయే ఏర్పాటు కూడా ఉంది. ఈ ఎంజైమ్‌ను ఎలా తయారుచేయాలో కణానికి చెప్పే జన్యు సందేశానికి ముందుభాగంలో ఒక చిన్న అదనపు వాక్యంలాంటి ముక్క ఉంటుంది, ఆస్కార్బిక్ ఆమ్లం హెచ్చినప్పుడు అది అసలు సందేశం చదవబడకుండా అడ్డుపడుతుంది. మొక్క తన అవసరానికి మించి ఈ పదార్థాన్ని పోగుచేయకపోవడానికి కారణం ఇదే. జన్యు సవరణ పద్ధతులతో టమాటాలో ఆ ముక్కను చెరిపివేసి విటమిన్ సి పెంచే ప్రయత్నాలు గత కొన్నేళ్లుగా జరుగుతున్నాయి. వాటి ఫలితాలు చూసేటప్పుడు, మొక్క ఆ అడ్డుకట్టను ఊరికే పెట్టుకోలేదన్న విషయం గుర్తుంచుకోవడం అవసరం.

రెండోది అంతకు ఒక మెట్టు ముందు, జీఎంఈ అనే ఎంజైమ్ ఉన్న చోటు. అక్కడ తయారయ్యే చక్కెర రెండు పనులకు పోతుంది: కొంత విటమిన్ సి తయారీకి, కొంత కణకవచంలోని పెక్టిన్ నిర్మాణానికి. 2009లోనూ 2011లోనూ వెలువడిన ఫ్రెంచి పరిశోధనల్లో, టమాటా మొక్కల్లో ఈ ఎంజైమ్‌ను అణచినప్పుడు విటమిన్ సి తగ్గడంతోపాటు మొక్కల ఎదుగుదల దెబ్బతిని, కాండాలు పెళుసుబారాయి. కణకవచంలో పెక్టిన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసేది బోరాన్. ఆ ముడులు పడే భాగం సరిగ్గా తయారుకాకపోవడమే ఆ పెళుసుదనానికి కారణమని తేలింది. ఒడిశా దక్షిణ జిల్లాల ఎర్రనేలల్లో, ఆమ్లగుణం గల మెట్టభూముల్లో బోరాన్ కొరత కొత్త విషయం కాదు. చిగురు పెళుసెక్కిన టమాటా మొక్కను చూసినప్పుడు, బోరాన్ అవసరపడే ఆ పెక్టినూ విటమిన్ సీ ఒకే చక్కెర నుంచి పుట్టినవని తెలిసి ఉండటం వల్ల విషయం మరింత స్పష్టమవుతుంది.

ఇక మొక్క భాగాల సంగతి. తయారీ మార్గం అన్ని భాగాల్లోనూ ఉన్నా, నిల్వ మాత్రం సమానంగా ఉండదు. తూకానికి తూకం చూస్తే ఎక్కువగా ఉండేది లేత ఆకుల్లో. పండులో దానికంటే తక్కువ, వేరులో అందరికంటే తక్కువ. టమాటా ఆకును రెండు వేళ్ల మధ్య నలిపితే పసుపుపచ్చని మరక అంటి, ఘాటైన వాసన వస్తుంది. ఆ ఆకులో విటమిన్ సి పండులోకంటే ఎన్నో రెట్లు ఉన్నా, టొమాటిన్ వంటి చేదు ఆల్కలాయిడ్ల వల్ల అది తినదగినది కాదు.

ఆకులో అంత ఎక్కువ ఎందుకంటే, అక్కడ ప్రమాదమూ ఎక్కువే. కిరణజన్య సంయోగక్రియ జరిగే హరితరేణువుల్లో ఎండ తీవ్రంగా ఉన్న వేళ వాడుకోగలిగినదానికి మించిన శక్తి వచ్చి పడుతుంది. అది ఆక్సిజన్‌ను తాకి హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి హానికర రూపాలుగా మారుస్తుంది. ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆస్కార్బిక్ ఆమ్లాన్ని ఖర్చు పెట్టి ఆ పెరాక్సైడ్‌ను మామూలు నీరుగా మారుస్తుంది. ఇంకా, మిగులు వెలుతురును వేడిగా వదిలించే పసుపు వర్ణకం తయారు కావాలన్నా ఆస్కార్బిక్ ఆమ్లమే కావాలి. ఫాల్గుణం దాటాక మిట్టమధ్యాహ్నం ఎండలో టమాటా ఆకు మాడకుండా నిలిచి ఉండటంలో నీటి పాత్ర ఎంతో, ఈ రసాయనం పాత్రా అంతే ఉంది.

ఖర్చయిన ఆస్కార్బిక్ ఆమ్లం వెంటనే వృథా కాదు. అది మొదట సగం ఆక్సీకరణ చెందిన రూపంలోకి, ఆ తరువాత పూర్తిగా ఆక్సీకరణ చెందిన డీహైడ్రో రూపంలోకి మారుతుంది. ఈ రెండు రూపాలనూ తిరిగి మొదటి రూపానికి తెచ్చే వేర్వేరు ఎంజైములున్నాయి. రెండోదానికి గ్లూటాథయోన్ అనే మరో పదార్థం తోడ్పడుతుంది. ఈ చక్రానికి ఫోయర్, హాలివెల్, అసాడా అనే ముగ్గురు శాస్త్రవేత్తల పేర్లు పెట్టారు. ఎమ్‌డీహెచ్ఏఆర్ అనే మొదటి మరమ్మతు ఎంజైమ్‌ను ఇక్కడ గుర్తుంచుకోవాలి. కాయను శీతల గిడ్డంగిలో పెట్టినప్పుడు దీని అవసరం మళ్లీ వస్తుంది. మరమ్మతు ఆలస్యమైతే డీహైడ్రో రూపం నిలకడ లేక విరిగిపోతుంది. అప్పుడు ఆక్సాలిక్ ఆమ్లం, త్రియోనిక్ ఆమ్లం వంటివి మిగులుతాయి, ఇక వెనక్కి రావడం ఉండదు. ద్రాక్షతీగలో ఇదే ఆస్కార్బిక్ ఆమ్లం మరోచోట విరిగి టార్టారిక్ ఆమ్లమవుతుంది. ద్రాక్ష పులుపుకు మూలం అదే.

వేరు విషయంలో చెప్పుకోదగినది ఒకటే. వేరుకొసలో ఎదుగుదల కేంద్రం నడుమ, చాలా నిదానంగా విభజన చెందే ఒక కణసమూహం ఉంటుంది. ఆస్కార్బిక్ ఆమ్లం తక్కువగా ఉండటం ఆ కణాల నిదానానికి కారణాల్లో ఒకటని మొక్కజొన్న వేరు మీద 1995లో జరిగిన పరిశోధన చూపింది. అంటే, ఉండటమే కాక, కావాలని తక్కువగా ఉంచుకోవడం కూడా మొక్కకు ఒక పద్ధతి. కాండం ఎక్కువగా దారి మాత్రమే. ఆకులో తయారైన చక్కెరలతోపాటు ఆస్కార్బిక్ ఆమ్లం కూడా కాండంలోని పోషక కణజాలం గుండా కాయకు ప్రయాణిస్తుంది.

కాయ దగ్గరకు వచ్చేసరికి విషయం చిక్కబడుతుంది. పండులోని విటమిన్ సి ఆకు నుంచి వచ్చిందా, కాయే తయారుచేసుకుందా అన్నది చాలాకాలం వాదన. 2012లో జపాన్ శాస్త్రవేత్తలు మైక్రోటామ్ అనే మరుగుజ్జు టమాటా రకం మీద చేసిన ప్రయోగాలు ఈ వాదనను ఒక కొలిక్కి తెచ్చాయి. రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తు వేసిన ఆస్కార్బిక్ ఆమ్లాన్ని ఆకుకు అందించి, అది ఎక్కడికి చేరుతుందో వారు వెతికారు. అందులో ఎక్కువ భాగం పచ్చి పిందెలకే చేరింది. కాయ పండేకొద్దీ ఆ రవాణా సన్నగిల్లింది. పచ్చికాయకు గెలాక్టోజు అందించినప్పుడు విటమిన్ సి పెరిగింది, పెక్టిన్ విరిగితే వచ్చే గెలాక్టురోనిక్ ఆమ్లం అందించినప్పుడు పెరగలేదు. ఎర్రగా పండిన కాయలో మాత్రం రెండూ పనిచేశాయి.

దీని అర్థం చాలా ముచ్చటైనది. పిందె ఎదిగే రోజుల్లో కాయ కణకవచాలు కట్టుకునే పనిలో ఉంటుంది. ఆ దశలో ఆకు పంపేదీ, తాను మామూలు మార్గంలో చేసుకునేదీ దానికి ఆధారం. దోర తిరిగాక అదే కాయ తాను కట్టిన గోడలను తానే కరిగించుకోవడం మొదలుపెడుతుంది. పండు మెత్తబడటమంటే అదే, పెక్టిన్ విరగడం. విరిగిన పెక్టిన్ నుంచి వచ్చే గెలాక్టురోనిక్ ఆమ్లమే ఇప్పుడు విటమిన్ సి తయారీకి ముడిసరుకులో కొంత భాగమవుతుంది. స్ట్రాబెర్రీలో ఇలాంటి దారి ఉన్నట్టు 2003లోనే తెలిసింది. దక్షిణ అమెరికా అడవి టమాటా జాతి అయిన సొలానం పెన్నెల్లీ నుంచి ఒక క్రోమోజోము ముక్క వచ్చిన సంకర వంగడంలో విటమిన్ సి ఎక్కువగా ఉండటానికి పెక్టిన్ ఎక్కువగా విరగడమే కారణంగా కనిపిస్తున్నదని 2010లో ఇటలీ పరిశోధకులు చూపారు. సంతలో కొనేవాడి బొటనవేలి కింద పండు కాస్త లోపలికి నొక్కుకుపోవడమూ, దాని లోపల ఈ కొత్త దారి తెరుచుకోవడమూ ఒకే మార్పుకు రెండు ముఖాలు.

పండటానికి కూడా ఆస్కార్బిక్ ఆమ్లం అవసరపడుతుందన్నది తరచు విస్మరించే సంగతి. కాయను పండించే ఇథిలీన్ వాయువును తయారుచేసే చివరి ఎంజైమ్ ఆస్కార్బిక్ ఆమ్లం లేనిదే పనిచేయదు. కనుక పండటం వల్ల విటమిన్ సి పెరుగుతుందన్నంత నిజమే, విటమిన్ సి ఉండటం వల్ల పండు పండుతుందన్నదీ.

పండును అడ్డంగా కోసి చూస్తే భాగాలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. పలుచని తొక్క, దాని కింద దళసరి కండ, మధ్యలో అడ్డగోడలు, వాటి నడుమ గింజలను పట్టుకున్న జిగురు. న్యూజిలాండులో 2005లో జరిగిన కొలతల్లో విటమిన్ సి తొక్కలో ఎక్కువగా, కండలోనూ గింజల భాగంలోనూ తక్కువగా తేలింది. వెలుతురు మొదట తాకేది, గాలీ వేడీ నేరుగా ఎదుర్కొనేదీ తొక్కే గనుక ఇది సహజమే. చిన్నకాయలో బరువుతో పోలిస్తే తొక్క వాటా ఎక్కువ. చెర్రీ టమాటాలు సాధారణంగా పెద్ద రకాలను మించడానికి ఇదొక కారణం. కొండ పల్లెల బుట్టల్లో వచ్చే గోళీలంతటి నాటుకాయలను చిన్నవని తక్కువ ధరకు అడగడం పోషణ దృష్టితో చూస్తే సమర్థనీయం కాదు. తొక్క తీసి టమాటాలు వండే పద్ధతి ఈ ప్రాంతపు వంటలో పెద్దగా లేకపోవడం మంచి విషయమే.

వెలుతురు సంగతి పండులో ఆకులోలాగా ఉండదు. ఆకును చీకటిలో ఉంచితే దానిలోని విటమిన్ సి త్వరగా, ఎక్కువగా పడిపోతుంది. పండు అంత త్వరగా స్పందించదు. అయితే ఫ్రాన్సులో 2009లో ప్రకటించిన ఒక ప్రయోగం చాలా ఉపయోగకరమైన విషయం చూపింది: పండులోని విటమిన్ సి ఆకుల మీద పడే వెలుతురుకంటే పండు మీద నేరుగా పడే వెలుతురు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. పండులో చక్కెర ఎంత ఉందన్నది దీన్ని నిర్ణయించదని కూడా అదే బృందం చేసిన మరో పని చెబుతుంది. తియ్యగా ఉన్న పండులో విటమిన్ సి ఎక్కువ ఉంటుందన్న నమ్మకానికి ఆధారం లేదు.

ఈ ఒక్క విషయం సరిహద్దు జిల్లాల సాగుకు నేరుగా వర్తిస్తుంది. నత్రజని ఎరువు అవసరానికి మించి వేస్తే ఆకు గుబురెక్కి కాయలు నీడలో పడతాయి. నత్రజని ఎక్కువైన పంటల్లో విటమిన్ సి తగ్గడం చాలా కూరగాయల్లో, పండ్లలో నమోదైన విషయం. కర్ర ఊతమిచ్చి, కింది ఆకులు తీసి, కాయకు వెలుతురు తగిలేలా పెంచిన మొక్కల్లో పరిస్థితి మెరుగు. అయితే ఆకులన్నీ దూసివేయడం కూడా తప్పే, ఎందుకంటే పిందె దశలో ఆకు పంపే సరుకు కావాలి, వేసవి మొదట్లో నేరుగా ఎండ సోకిన కాయ తెల్లబడి మాడుతుంది. వర్షాకాలపు పంటకంటే కార్తీకంలో నాటి పుష్య మాఘాల్లో కోసే పంటకు మబ్బు లేని ఆకాశం దొరకడం ఈ ప్రాంతానికి ఉన్న సహజమైన అనుకూలత.

కణం వెలుపలి సంగతి ఒకటి క్లుప్తంగా చెప్పాలి. కణకవచాల సందుల్లో ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ అనే, రాగి కలిగిన ఎంజైమ్ ఉండి, అక్కడి ఆస్కార్బిక్ ఆమ్లాన్ని నిరంతరం ఆక్సీకరిస్తూ ఉంటుంది. ఇది పని లేని ఖర్చులా కనిపిస్తుంది. దీన్ని తగ్గించిన టమాటా మొక్కలు నీటి ఎద్దడిలో మామూలు మొక్కలకంటే మెరుగైన దిగుబడి ఇచ్చాయని 2013లో వెలువడింది. మెట్టమీద వానాధారంగా టమాటా వేసే చోట్లకు రాబోయే రకాల ఎంపికలో ఇది ఆలోచించదగిన గుణం.

కోత ఎప్పుడన్నది తరువాతి ప్రశ్న. దూరపు మార్కెట్టుకు పోయే కాయను దోర తిరగకముందే, లేదా అప్పుడే తిరుగుతుండగా కోయక తప్పదు, లేకపోతే దారిలోనే చితికిపోతుంది. అలా కోసిన కాయ రంగు తిరుగుతుంది, మెత్తబడుతుంది కూడా. కాని మొక్కతో బంధం తెగినందువల్ల ఆకు నుంచి వచ్చే పద్దు ఆగిపోతుంది, చీకటి పెట్టెలో ఉన్నందువల్ల వెలుతురు పద్దూ పోతుంది. మిగిలేది పెక్టిన్ దారి, మరమ్మతు చక్రం. పది మైళ్ల దూరపు సంతకు పోయే కాయకు ఈ తొందర అవసరం లేదు. అలాంటి కాయను దోర దాటి మొక్క మీదనే రంగు పట్టనిచ్చి కోయడం కొనేవాడికి లాభం, అమ్మేవాడికి నష్టం లేదు.

నిల్వలో పెద్ద శత్రువు చలి. టమాటా ఉష్ణప్రాంతపు మొక్క గనుక నాలుగు డిగ్రీల దగ్గర దాని కణాల పొరలు దెబ్బతింటాయి, పెరాక్సైడ్లు పెరుగుతాయి. విటమిన్ సి వాటి మీద ఖర్చవుతుంది. అలా చల్లని నిల్వలో ఉంచిన కాయల్లో ఎమ్‌డీహెచ్ఏఆర్ ఎంజైమ్ చురుకుదనం ఎక్కువగా ఉన్న రకాలు విటమిన్ సి ఎక్కువ నిలుపుకుని, చలిని కూడా మెరుగ్గా తట్టుకున్నాయని 2008లో తేలింది. ఇంట్లో పూర్తిగా పండని టమాటాలను ఫ్రిజ్‌లో పెట్టకుండా గంపలో పరచి ఉంచడం ఇందువల్ల మంచిది.

వంటింట్లో ఈ పదార్థానికి గాలి, వేడి, రాగి మూడూ గిట్టవు. టమాటా రసానికి సహజంగా ఉన్న పులుపు దాన్ని కొంత కాపాడుతుంది, అందుకే ఆకుకూరల్లో పోయినంత వేగంగా ఇందులో పోదు. కళాయి పోయిన ఇత్తడి, రాగి గిన్నెల్లో పులుపు వండకూడదన్న పాత నియమం చిలుము భయంతో పుట్టినదైనా, రాగి అయాన్లు ఆస్కార్బిక్ ఆమ్లాన్ని వేగంగా ఆక్సీకరించేవి కనుక విటమిన్ దృష్టితో కూడా అది సరైనదే. ఒడియా ఇళ్లలో పుల్లగా వండే ఖట్టా, తెలుగు ఇళ్ల రోటిపచ్చడి రెండింటిలో, కాయను ఎంతసేపు మగ్గించారన్నదే తేడా తెస్తుంది. ముక్కలు కోసి రోజుల తరబడి ఎండలో ఆరబెట్టిన ఒరుగుల్లో పులుపూ రంగూ మిగులుతాయి గాని, తొక్క చిట్లిన క్షణం నుంచి గాలి సోకుతూనే ఉండి, మరమ్మతు చేసే ఎంజైములు ఎండిపోవడంతో, విటమిన్ సిలో చాలా భాగం డీహైడ్రో రూపం మీదుగా విరిగి ఆక్సాలిక్ ఆమ్లం వైపు పోతుంది.